గడ్డ పోవాలి, గర్భసంచి ఉండాలి: మయోమెక్టమీలో అసలు చూడాల్సింది ఏమిటి

స్కానింగ్ రిపోర్టులో ‘ఫైబ్రాయిడ్’ (గర్భసంచి గడ్డ) అన్న మాట కనపడగానే ఇంట్లో రెండు భయాలు మొదలవుతాయి. అది క్యాన్సరేమోనన్నది ఒకటి, గర్భసంచి తీసేస్తారేమోనన్నది రెండోది. మొదటి భయానికి ఆధారం చాలా తక్కువ. రెండో భయానికి మాత్రం తెలుగు రాష్ట్రాల్లో గట్టి ఆధారమే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం పైన ఉన్నారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు జరుగుతున్నది ప్రైవేటు ఆసుపత్రుల్లో. మహిళలు చెప్పిన కారణాల్లో అధిక రక్తస్రావం ముందుంటే, గడ్డలు ఆ తర్వాత ఉన్నాయి.

‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది’ అనే మాట మన దగ్గర అత్తగారి నోటా, ఒక్కోసారి డాక్టరు నోటా ఒకేలా వినిపిస్తుంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇంత జరిగాక ‘గడ్డ మాత్రం తీసి సంచి ఉంచండి’ అని అడిగే ఆడవాళ్లు పెరిగారు. అది మంచిదే. గడ్డల్ని మాత్రం తీసి గర్భసంచిని ఉంచే ఆ ఆపరేషన్ పేరే మయోమెక్టమీ.

అయితే దీని చుట్టూ ఇంకో తప్పు కూడా పెరుగుతోంది. ఎవరి జోలికీ పోకుండా ఒక మూల పడి ఉన్న గడ్డని ‘పిల్లలు పుట్టడానికి ఇదే అడ్డం’ అని చెప్పి తీసేయడం. అనవసరంగా సంచి తీసేయడానికైనా, అనవసరంగా గడ్డ తీసేయడానికైనా మూలం ఒక్కటే: గడ్డ ఉందా లేదా, ఎన్ని సెంటీమీటర్లు అన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడం. సంతానం సంగతి వచ్చేసరికి సైజు కంటే ముందు చూడాల్సింది గడ్డ ఎక్కడ ఉందన్నది.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి గోడలోని కండ కణం ఒకటి అదుపు తప్పి పెరిగి గట్టి ముద్దగా మారడం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు దానికి మేత. అందుకే నెలసరి మొదలుకాని పిల్లల్లో ఇది కనిపించదు, నెలసరి ఆగిపోయాక సాధారణంగా కుంచించుకుపోతుంది. ఇది ఎంత మామూలు విషయమంటే, 2003లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 50 ఏళ్లు వచ్చేసరికి శ్వేతజాతి మహిళల్లో దాదాపు 70 శాతం మందికి, నల్లజాతి మహిళల్లో 80 శాతానికి పైగా మందికి గడ్డలున్నట్టు తేలింది. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. స్కానింగ్ యంత్రం ప్రతి ఊరికీ వచ్చాక మన దగ్గర తెలుస్తోంది, టెన్షన్ కూడా దాని వెంటే వస్తోంది.

గడ్డ ఉన్న చోటుని చెప్పడానికి ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య, అంటే ఫిగో, 2011లో 0 నుంచి 8 వరకు అంకెలు ఇచ్చింది. 0, 1, 2 రకాలు గర్భసంచి లోపలి ఖాళీలోకి పొడుచుకొచ్చినవి. 0 రకం తొడిమతో లోపల వేలాడుతుంది. 1 రకంలో సగానికి పైగా ఖాళీలోనే ఉంటుంది. 2 రకంలో సగమో అంతకన్నా ఎక్కువో గోడలో దిగబడి ఉంటుంది. 3 రకం పూర్తిగా గోడలోనే ఉన్నా లోపొరను తాకుతుంది. 4 రకం గోడ మధ్యలోనే ఉండిపోతుంది. 5, 6, 7 రకాలు బయటి వైపు, పొట్టలోకి పెరిగేవి. గర్భాశయ ముఖద్వారంలాంటి వేరే చోట్ల ఉండేవాటిని 8లో వేశారు.

పిండం అంటుకునేది లోపొరకే కాబట్టి ఆ ఖాళీని వంచే గడ్డలతోనే అసలు పేచీ. 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చేసిన ఒక సమీక్ష ఇదే చెప్పింది. లోపలికి పొడుచుకొచ్చిన గడ్డలు గర్భం నిలిచే అవకాశాన్ని తగ్గిస్తాయి, వాటిని తీసేస్తే ఆ అవకాశం మెరుగుపడుతుంది. బయటి వైపు పెరిగే గడ్డల వల్ల గర్భధారణకు తేడా కనపడలేదు. అంటే రిపోర్టులో 7 సెంటీమీటర్లని భయపెట్టే గడ్డ బయటి వైపు వేలాడుతూ ఏమీ చేయకపోవచ్చు. 2 సెంటీమీటర్ల గడ్డ లోపల కూర్చుని పదే పదే అబార్షన్లకు కారణం కావచ్చు.

చిక్కంతా మధ్యలో ఉన్న 3, 4 రకాలతో. లోపలి ఖాళీని వంచకుండా గోడలోనే ఉన్న గడ్డలు కూడా కొంత నష్టం చేస్తాయని లెక్కలున్నాయి. 2010లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ఐవీఎఫ్ చేయించుకున్నవారిలో ఇలాంటి గడ్డలున్నవారికి బిడ్డ చేతికొచ్చే అవకాశం, లేనివారితో పోల్చితే 21 శాతం తక్కువ. ఈ అంకె చూపించి ‘అందుకే తీసేద్దాం’ అనడం తేలిక. కానీ గడ్డ ఉంటే నష్టమని తేలడం వేరు, తీస్తే లాభమని తేలడం వేరు. రెండోదానికి గట్టి రుజువు ఇప్పటికీ లేదు. తీసేటప్పుడు గోడను కోయాలి, అది మానాలి, లోపలి భాగాలు ఒకదానికొకటి అంటుకుని అతుకులు పడవచ్చు, నెలలు గడిచిపోతాయి. అందుకే అమెరికా సంతాన వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో, వేరే బాధలేవీ లేకుండా లోపలి ఖాళీని వంచని గడ్డలను కేవలం సంతానం కోసమని తీయమని సలహా ఇవ్వలేదు. విపరీతంగా బ్లీడింగ్ అవుతూ హిమోగ్లోబిన్ 7కి పడిపోతుంటే, మూత్రాశయాన్నో పేగునో నొక్కుతుంటే సంగతి వేరు. అప్పుడు ఆపరేషన్ ఆ బాధ కోసం, సంతానం దానితోపాటు చూసుకోవాల్సిన విషయం.

కాబట్టి ‘మల్టిపుల్ ఫైబ్రాయిడ్స్’ అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు పట్టుకుని థియేటర్‌లోకి వెళ్లకూడదు. ఎన్ని, ఏ గోడలో, లోపొరకు ఎంత దూరం అన్నవి తెలియాలి. గర్భసంచిలోకి కాస్త సెలైన్ ఎక్కించి చేసే స్కానింగ్‌తో లోపలి గడ్డలు బాగా తెలుస్తాయి. గడ్డలు ఎక్కువగా ఉంటే ఎమ్మారై ఉపయోగపడుతుంది. అడినోమయోసిస్‌ని గడ్డగా పొరబడకుండా కూడా అది కాపాడుతుంది. అందులో లోపొర కణజాలం కండలోకి చొరబడి పోతుంది తప్ప విడిగా తీయడానికి గడ్డంటూ ఉండదు. కోశాక ఆ సంగతి తెలిస్తే సర్జన్‌కూ పేషెంటుకూ ఇద్దరికీ కష్టమే. ఇంకొకటి: ట్యూబులు తెరిచి ఉన్నాయా, అండం విడుదలవుతోందా, భర్త వీర్య పరీక్షలో ఏముంది అన్నవి ముందే చూడాలి. భర్త చేయించుకోవాల్సిన చిన్న పరీక్షకు మొహమాటపడి భార్య పొట్ట కోయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

గర్భసంచి ఉంచి గడ్డ తీయడం కొత్త ఆలోచనేమీ కాదు. 1840లలోనే అమెరికాలోని పెన్సిల్వేనియాలో అట్లీ సోదరులు పొట్ట తెరిచి గడ్డ తీశారు. కానీ ఆ కాలంలో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ల వల్ల ఇది ప్రాణాంతకమైన సాహసం. గర్భసంచి మొత్తం తీసేయడమే సర్జన్లకు తేలికగా ఉండేది. ఈ ధోరణిని గట్టిగా ఎదిరించినవాడు లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి సర్జన్ విక్టర్ బానీ (1872-1953). ఆయన భార్యకు గడ్డల కారణంగా గర్భసంచి తీసేయాల్సి వచ్చింది, వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆయన పట్టుదలకు అదే కారణమని వైద్య చరిత్రకారులు అంటారు. గర్భసంచికి రక్తం తెచ్చే నాళాలను ఆపరేషన్ సేపు నొక్కి పట్టే ఒక క్లాంప్ తయారుచేశారు. వందల సంఖ్యలో మయోమెక్టమీలు చేశారు. ఒక్క గర్భసంచి నుంచి 225 గడ్డలు తీసి, దాన్ని కుట్టి నిలబెట్టిన ఘనత ఆయనది. ‘గడ్డలు ఎక్కువున్నాయి కాబట్టి సంచి తీయక తప్పదు’ అని ఇప్పుడెవరైనా అంటే, క్లాంపూ దారమూ తప్ప పెద్ద సరంజామా లేని రోజుల్లో జరిగిన ఈ పని గుర్తుకు రావాలి.

థియేటర్లో జరిగేదేమిటో కాస్త వివరంగా చూద్దాం. గడ్డ చుట్టూ నొక్కుకుపోయిన కండ ఒక పొరలా ఏర్పడుతుంది. సర్జన్ ఆ పొర దాకా కోసి, సరైన సందు దొరికించుకుంటే తాటికాయ కన్నులోంచి ముంజెను బొటనవేలితో ఎత్తినట్టు గడ్డ బయటికొస్తుంది. ఆ సందు తప్పి కండలోకి వెళ్తే రక్తం ఆగదు. కోతకు ముందు వాసోప్రెసిన్ మందును బాగా పలచన చేసి గోడలోకి ఎక్కిస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి. అది నేరుగా నాళంలోకి పోతే గుండె లయ తప్పే ప్రమాదముంది కాబట్టి, ఎక్కించే ముందు మత్తు డాక్టరుకు చెప్పి మరీ ఎక్కిస్తారు. గర్భసంచి కింది భాగం చుట్టూ రబ్బరు గొట్టం బిగించడం, ముందుగా మిసోప్రోస్టాల్ ఇవ్వడం, ట్రానెక్సామిక్ ఆమ్లం ఎక్కించడం, ఇవన్నీ రక్తం పోకుండా చూసే ఉపాయాలే.

గడ్డ తీయడం సగం పని. మిగతా సగం, నిజానికి రేపటి కాన్పుకు అసలైన సగం, కుట్టడం. గడ్డ వదిలిన గుంతను పొరలు పొరలుగా మూయాలి. లోపల ఖాళీ మిగిలితే అక్కడ రక్తం చేరి గడ్డకడుతుంది, మచ్చ బలహీనంగా మానుతుంది. రక్తం ఆపడానికి కరెంటుతో ఎడాపెడా కాల్చినా కండ చచ్చిపోయి అదే జరుగుతుంది. వీలైతే ముందు గోడ మీద కోత పెట్టాలి, ఒకే కోతలోంచి పక్క గడ్డలను కూడా తీయాలి. వెనక గోడ మీది కోతలు ట్యూబులకూ అండాశయాలకూ అతుక్కునే అవకాశం ఎక్కువ. సంతానం కోసం చేసిన ఆపరేషనే ట్యూబులు మూసుకుపోవడానికి కారణమైతే అంతకన్నా విచారం ఏముంది.

మన దగ్గర దీనికి రక్తహీనత తోడవుతుంది. మొదట్లో చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతం, తెలంగాణలో 58 శాతం దగ్గర ఉంది. దానికితోడు గడ్డల వల్ల నెలనెలా పోయే రక్తం. హిమోగ్లోబిన్ 8తో టేబుల్ ఎక్కితే, మామూలుగా తట్టుకోగల రక్తస్రావం కూడా ప్రమాదంగా మారుతుంది. అప్పుడే ‘ప్రాణం కాపాడటానికి సంచి తీయాల్సి వచ్చింది’ అన్న మాట వస్తుంది. ఆపరేషన్ అత్యవసరం కానప్పుడు కొన్ని వారాలు ఆగి, సెలైన్‌లా ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్లతో రక్తం పెంచుకోవచ్చు. మూడు నెలలపాటు ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తే నెలసరి ఆగి రక్తం పుంజుకుంటుంది, గడ్డ కూడా తగ్గుతుంది. వాటికో ఇబ్బంది ఉంది. గడ్డకూ కండకూ మధ్య సందు చెదిరిపోతుంది, చిన్న గడ్డలు సర్జన్‌ వేళ్లకు దొరకనంతగా ముడుచుకుని ఆపరేషన్ తర్వాత మళ్లీ లేస్తాయి. అందుకని అందరికీ ఇవ్వరు.

సంతకం పెట్టే కాగితంలో ‘అవసరమైతే గర్భసంచి తొలగించడానికి అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం ఉంటుంది. అది ఉండటం సబబే. అనుభవమున్న చేతుల్లో ఆ అవసరం నూటికి ఒకటి రెండు కేసులకు మించి రాదు. ‘మీ దగ్గర ఎంతమందికి అలా చేయాల్సి వచ్చింది, రక్తం ఎన్ని యూనిట్లు సిద్ధంగా ఉంచుతున్నారు’ అని సంతకానికి ముందు అడగడంలో తప్పులేదు. ఆ ప్రశ్నకు చిరాకు పడే చోట ఆపరేషన్ చేయించుకోకపోవడమే నయం.

ఇక ఏ దారిలో తీయాలన్నది. లోపలి ఖాళీలోని 0, 1 రకాలకూ, కొన్ని 2 రకం గడ్డలకూ హిస్టరోస్కోపీ చాలు. పొట్ట మీద కోత ఉండదు, యోని మార్గం గుండా కెమెరా పంపి గడ్డను ముక్కలుగా చెక్కేస్తారు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. గర్భసంచిని విప్పార్చడానికి ఎక్కించే ద్రవంతోనే జాగ్రత్త. గ్లైసిన్ వాడితే 1,000 మిల్లీలీటర్లకు మించి ఒంట్లోకి పీల్చుకోకుండా ఆపేయాలి, లేకపోతే రక్తంలో సోడియం పడిపోతుంది. సెలైన్‌తో పనిచేసే బైపోలార్ పరికరాలు వచ్చాక ఆ హద్దు ఆరోగ్యవంతులకు 2,500 దాకా పెరిగింది. ఎదురెదురు గోడల మీద గడ్డలుంటే ఒకేసారి చెక్కరు. రెండు పచ్చి గాయాలు ఒకదానికొకటి అతుక్కుంటే లోపలి ఖాళీయే మూసుకుపోతుంది.

గోడలో ఉన్నవాటికి లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసేది) లేదా పొట్ట తెరవడం. లాపరోస్కోపీలో నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. కానీ ఆ తర్వాత గర్భాలు నిలిచే విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదని పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ‘మచ్చ కనపడదు’ అనే ఫ్లెక్సీ ప్రకటనలు పొట్ట మీది మచ్చ గురించి మాట్లాడతాయి. కడుపులోని బిడ్డ బరువు మోయాల్సింది గర్భసంచి మీది మచ్చ. సన్నని గొట్టాల్లోంచి మూడు పొరలు కుట్టడం అందరికీ చేతనయ్యే విద్య కాదు. రోబో ఆ కుట్టుపనిని సులువు చేస్తుంది కానీ ఖర్చు పెంచుతుంది, ఫలితాలు మాత్రం లాపరోస్కోపీని మించినట్టు తేలలేదు. గడ్డలు పదీ పదిహేనూ ఉన్నప్పుడు పొట్ట తెరవడమే మేలు. వేళ్లతో తడిమితేనే దొరికే చిన్న గడ్డలు కెమెరాకు దొరకవు.

లాపరోస్కోపీకి సంబంధించి ఇంకో సంగతి ఉంది. చిన్న రంధ్రంలోంచి గడ్డ బయటికి తేవాలంటే ముక్కలు చేయాలి. దానికి వాడే మోర్సెలేటర్ అనే తిరిగే కత్తి మీద 2013 తర్వాత అమెరికాలో పెద్ద దుమారం రేగింది. ఏమీ రీడ్ అనే మత్తు వైద్యురాలికి గడ్డలని చెప్పి గర్భసంచిని ఇలా ముక్కలు చేసి తీశాక, అందులో సార్కోమా క్యాన్సర్ ఉందని తేలింది. ముక్కలు చేయడంతో అది పొట్టంతా చిమ్మింది. ఆమె 2017లో చనిపోయారు. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేస్తూ, గడ్డలని ఆపరేషన్ చేసిన ప్రతి 350 మందిలో ఒకరికి ఇలా దాక్కున్న సార్కోమా ఉండొచ్చని లెక్కగట్టింది. తర్వాతి లెక్కలు అంతకన్నా తక్కువే చూపించాయి, చిన్న వయసులో ఆ ముప్పు ఇంకా తక్కువ. అయినా పొట్టలోనే ఒక సంచిలో వేసి ముక్కలు చేసే పద్ధతి అప్పట్నుంచి వచ్చింది. మీ ఆసుపత్రిలో ఆ సంచి వాడతారా అని అడగాలి.

ఆపరేషన్ లేకుండా పోదా అన్నది అందరూ అడిగేదే. గడ్డను శాశ్వతంగా మాయం చేసే మాత్ర ఇప్పటికీ లేదు. ఉన్న హార్మోను మందులు వాడినంత కాలం బ్లీడింగ్ తగ్గిస్తాయి, గర్భం కూడా రానివ్వవు. కొన్నాళ్లు బాగా వాడిన యులిప్రిస్టాల్ కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు బయటపడ్డాక యూరప్‌లో 2020లో దాని మీద కఠిన ఆంక్షలు పెట్టారు. గడ్డకు రక్తం అందకుండా నాళాన్ని మూసే ఎంబోలైజేషన్ 1995లో పారిస్ నుంచి వచ్చింది, బ్లీడింగ్‌కు బాగా పనిచేస్తుంది. కానీ అండాశయాలకు వెళ్లే రక్తం కూడా తగ్గే వీలుంది కాబట్టి పిల్లలు కావాలనుకునేవారికి మొదటి సలహాగా ఇవ్వరు.

ఎప్పుడు చేయించుకోవాలన్నది కూడా ఎక్కడుందన్నంత ముఖ్యం. మన ఇళ్లలో పెళ్లికి ముందే, ఎవరికీ తెలియకుండా ‘తీయించేస్తే పీడా పోతుంది’ అనే తొందర కనిపిస్తుంది. 23 ఏళ్ల అమ్మాయికి ఏ బాధా లేని గడ్డ తీసేస్తే, పిల్లల్ని కనే వయసు వచ్చేసరికి కొత్తవి పుట్టే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లలో చాలామందికి స్కానింగ్‌లో మళ్లీ గడ్డలు కనిపిస్తాయి, కొందరికి రెండో ఆపరేషన్ కూడా కావాల్సి వస్తుంది. రెండోసారి చేసేటప్పుడు అతుకుల వల్ల పని ఇంకా కష్టం. గర్భం కోసం ప్రయత్నించబోయే కాలానికి దగ్గరగా చేయించుకోవడమే తెలివైన పని. ఇటు 38 ఏళ్లామె విషయంలో లెక్క తిరగబడుతుంది. గోడ మానడానికి ఆగమనే మూడు నుంచి ఆరు నెలలు ఆమెకు చిన్న కాలం కాదు. ఆమెకు ముందు అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ పరీక్ష చేయించి, అవసరమైతే పిండాలను ఫ్రీజ్ చేయించుకుని తర్వాత గడ్డ సంగతి చూడటం మేలు కావచ్చు.

గర్భం వచ్చాక కొత్త గడ్డ పెరిగి నొప్పి పెట్టినా, దాదాపు ఎప్పుడూ నొప్పి మందులూ విశ్రాంతితోనే గడిపేస్తారు, ఆ సమయంలో కోయరు. పాత మచ్చ చిట్లడం అనేదే అసలు భయం. ఇది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందిలో జరుగుతుంది. కానీ జరిగితే ఎక్కువగా నొప్పులు మొదలవకముందే, నెలలు నిండకముందే జరుగుతుంది, తల్లికీ బిడ్డకూ ప్రాణగండమవుతుంది. అందుకే గోడలో లోతుగా కోసినవారికి, లోపలి ఖాళీ తెరుచుకున్నవారికి 37-38 వారాల దగ్గర ముందే రోజు పెట్టి సిజేరియన్ చేస్తారు. తొడిమ మీద వేలాడే గడ్డ తీసినవారికీ, హిస్టరోస్కోపీతో తేలిగ్గా తీసినవారికీ మామూలు కాన్పు నిరాకరించాల్సిన పని లేదు.

ఈ తేడా కాన్పు చేసే డాక్టరుకు తెలియడానికి ఒక్కటే దారి, మయోమెక్టమీ నాటి డిశ్చార్జ్ కాగితం. చాలా ఆసుపత్రులు దాని మీద ‘మయోమెక్టమీ చేయబడినది’ అని ఒక్క లైను రాసి పంపేస్తాయి. ఎన్ని గడ్డలు తీశారు, ఏ గోడ మీద ఎన్ని కోతలు పెట్టారు, లోపలి ఖాళీ తెరుచుకుందా లేదా, ఎన్ని పొరలు కుట్టారు, ఎన్ని నెలలు ఆగాలి, కాన్పు ఎలా జరగాలని సర్జన్ అభిప్రాయం అన్నవన్నీ అందులో ఉండాలి. లేకపోతే ఆ కాగితాన్ని వెనక్కిచ్చి రాయించుకోవాలి. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉన్న మన దగ్గర ఆపరేషన్ ఒక ఊళ్లో, కాన్పు ఇంకో ఊళ్లో జరగడం మామూలే. ఏడో నెలలో అర్ధరాత్రి కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడున్న డ్యూటీ డాక్టరు ముందుగా చూడాల్సింది ఆ కాగితాన్నే.